అద్దెకొచ్చిన ఇంటిపేరు

మా అండమాన్ నికోబార్ దీవుల దక్షిణపు కొసన, ఇందిరా పాయింట్ దగ్గర నిలబడి గట్టిగా తుమ్మితే సముద్రానికి అవతల ఇండోనేషియాలో ఎవరో ఒకరు "చిరంజీవ" అంటారని నేను ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నాను. ఇంతవరకూ ఎవరూ కాదని నిరూపించలేదు. అందుకే ఆ అవతలి దేశం నుంచి ఒక మనిషి నిజంగానే మా కార్ఖానాలో పనికి వచ్చినప్పుడు నేనడిగిన మొదటి ప్రశ్న అదే, మా తుమ్ములు మీకు వినబడుతున్నాయా అని. అతను కాస్సేపు ఆలోచించాడు. తన ఊరు సులవేసిలో ఉందనీ, అది బాగా తూర్పున గనక అక్కడిదాకా రావనీ, సుమత్రాలో మేనమామ ఉన్నాడు, ఆయన్నడిగి చెబుతాననీ వచ్చీరాని హిందీలో జవాబిచ్చాడు. మొహంలో నవ్వు లేదు. ఇతనితో నాకు పొత్తు కుదురుతుందని అప్పుడే తెలిసిపోయింది.

మాది పోర్ట్ బ్లెయిర్ శివార్లలో, ఉప్పుటేరు ఒడ్డున పడవలు కట్టే కార్ఖానా. పడవ నీళ్ళ మీద తేలడానికి ముందు కాగితాల మీద తేలాలి. అలా తేల్చడం నా పని. లైసెన్సులు, అనుమతులు, సంతకాలు, ముద్రలు. మిగతా వేళల్లో కథలు చెబుతాను. దానికి జీతం లేదు.

మా యజమానికి ఒక పెద్ద తెరచాప పడవ కట్టాలని కోరిక. పూర్తిగా చెక్కతో, టూరిస్టులు ఎక్కి తిరిగేది. అలాంటిది కట్టేవాళ్ళు దీవుల్లో లేరు. వెతగ్గా వెతగ్గా దొరికినవాడు ఇతను. ఇతని చేతిలో నక్షా ఉండదు. దుంగ మీద చెవి ఆనించి, వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి, ఇది పనికొస్తుంది, అది పనికిరాదు అంటాడు. పనికిరాదన్న దుంగ కోసి చూస్తే లోపల బోలు. ఒకసారి అతను మా గుమస్తా వీపు మీద అలాగే కొట్టి చూసి తల అడ్డంగా ఊపాడని నేను చెబుతాను గానీ, ఇది మాత్రం మీరు నమ్మక్కర్లేదు.

మూడో నెలలో పడవకి వెన్నుదుంగ పడి, పక్కటెముకలు లేచాయి. అప్పుడొక రోజు పొద్దున్నే అతను పనిముట్లు కడిగి, తుడిచి, వరసగా పెట్టి, యజమాని గదిలోకొచ్చాడు. ఏడాది ఒప్పందం పూర్తిచేసి వెళ్ళిపోతానన్నాడు. పడవ అప్పటికి ఎంతవరకు వస్తే అంతవరకే. ఏమైందంటే మెల్లగా చెప్పాడు. ఇదివరకు వేరే దేశంలో రెండేళ్ళు పనిచేశాడట. భార్యా, పసిపిల్లా వచ్చి చేరాలి. ఆమె పేరులో ఒక అక్షరం ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా పడింది. వాళ్ళని విమానం దగ్గరినుంచే వెనక్కి పంపేశారు. మళ్ళీ దరఖాస్తు పెట్టేసరికి గడువు దాటింది. "నా కూతురు నడవడం ఫోన్‌లో చూశాను," అన్నాడు. ఈసారి వాళ్ళు వస్తే ఎన్నేళ్ళయినా ఉంటాడు. రాకపోతే లేదు.

యజమాని నన్ను పిలిచాడు.

"కథలు కట్టిపెట్టి కాగితాలు చూడు భయ్యా. ఒక్క అక్షరం తేడా రాకూడదు."

చూశాను. దేవుడి మీద ఒట్టు, అంత శ్రద్ధగా నా పెళ్ళి శుభలేఖ కూడా చూడలేదు. ఆ దేశంలో చాలామందికి పేరు ఒకటే ముక్క. ముందు ఏమీ ఉండదు, వెనక ఏమీ ఉండదు. అతనికీ అంతే, భార్యకీ అంతే, ఎనిమిదేళ్ళ కూతురికీ అంతే. వీసా దరఖాస్తులో, టికెట్టులో, కంపెనీ ఉత్తరంలో ఆ మూడు పేర్లలో ప్రతి అక్షరం మీద వేలు పెట్టి, పైకి చదివి, మూడుసార్లు సరిచూశాను. రెండు నెలలకి వీసాలొచ్చాయి.

ఇక ఇల్లు. అప్పటిదాకా అతను ఊళ్ళో గోల్ ఘర్ అనే పేటలో ఒక గదిలో ఉండేవాడు. కుటుంబానికి ఊరి చివర గరాచర్మలో పిన్ని ఇంటి మేడ మీద వాటా చూశాను. పిన్ని అంటే చుట్టం కాదు. మా తాతా వాళ్ళ తాతా శ్రీకాకుళం వైపు నుంచి ఒకే ఓడలో వచ్చారు. దీవుల్లో తెలుగువాళ్ళకి ఆ మాత్రం చుట్టరికం చాలు. సర్కారీ ఆఫీసులో చేసి రిటైరయింది. అద్దెకొచ్చేవాళ్ళని ఆమె అడిగేది ఒకటే ప్రశ్న, చేప తింటారా అని. "తినని వాళ్ళకి ఇవ్వను బావూ. వాసన, వాసన అని రోజూ ఝగడా." వీళ్ళది సముద్రం ఒడ్డు, చేప తప్ప ఇంకేమీ తినరని చెబితే, మనుషుల్ని చూడకుండానే తాళాలు ఇచ్చేసింది.

వాళ్ళు దిగిన రోజు నేనే జీపు తీసుకుని ఎయిర్‌పోర్టుకి వెళ్ళాను. అతను గాజుతలుపు దగ్గర మునివేళ్ళ మీద నిలబడి ఉన్నాడు. పిల్ల పరుగెత్తుకొచ్చి తండ్రి కడుపులో తల దూర్చింది. తల్లి మాత్రం నెమ్మదిగా వచ్చింది, కాగితాల ఫైలు రెండు చేతులతో గుండెకి అదుముకుని. మిగతా సామానంతా బండి మీద ఉంది. ఆ ఫైలు నా చేతికి కూడా ఇవ్వలేదు.

దారిలో పిల్లకి మా దీవుల గురించి నాలుగు ముక్కలు చెప్పాను. ఇక్కడి మొసళ్ళు బాగా చదువుకున్నవనీ, బస్సు టైము వాటికి కంఠతా వచ్చనీ. తండ్రి తర్జుమా చేశాడు. పిల్ల కిటికీలోంచి సగం బయటికి వంగి మొసళ్ళ కోసం చూసింది. తల్లి ఫైలుని ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

ఆమె మొదటిసారి నవ్వింది పిన్ని వంటింట్లో. పొయ్యి మీద వంకాయా ఎండ్రొయ్యలూ ఉడుకుతున్నాయి. ఆమె గుమ్మంలో ఆగి గట్టిగా వాసన పీల్చింది. గబగబా మేడెక్కి, సంచీలోంచి ఆకుల్లో చుట్టిన నల్లటి ముద్ద ఒకటి తెచ్చింది. రొయ్యలు రుబ్బి ఎండబెట్టిన ముద్ద. పిన్ని దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. తరవాత ఇద్దరూ డబ్బాలన్నీ దించుకుని, ఒకరివొకరు వాసన చూస్తూ, నగలపెట్టెలు తెరుచుకున్న తోడికోడళ్ళలా కూర్చున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా గంటసేపు మాట్లాడుకున్నారు.

అంతా బాగుంది. ఇక్కడే నేను కథ చెప్పాను.

విదేశీయులు ఎవరింట్లో దిగితే ఆ ఇంటివాళ్ళు ఒక రోజులోపు వాళ్ళ వివరాలు కంప్యూటర్ ఫారంలో నింపి పంపాలి. ఆ కాపీ పట్టుకుని వాళ్ళు పద్నాలుగు రోజుల్లో విదేశీయుల ఆఫీసుకెళ్ళి నమోదు చేయించుకోవాలి. ఫారం నేను నింపుతానన్నాను. పిన్ని ఒప్పుకోలేదు. "ముప్పై ఏళ్ళు ఫారాలు నింపినాను. నాకు నేర్పకు. నువ్వు చదువు, నేను కొడతాను," అని ట్యాబ్ ముందేసుకుంది. నేను పాస్‌పోర్టులు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. పిల్ల వచ్చి నా మోకాలి పక్కన చేరింది. వెనకాలే తర్జుమాకి తండ్రి.

పిల్ల ఎదురుగా కూర్చుంటే నా నోరు ఆగదు. మా తాత ఓడలో వస్తుండగా తిమింగిలం లంగరు మింగేసిన వైనం మొదలుపెట్టాను. లంగరు గొలుసు పట్టుకుని మా తాత దాని గొంతులోకి దిగుతున్నాడు. చేతిలో లాంతరు. పిల్ల ఊపిరి బిగబట్టింది.

"సర్‌నేమ్ అని ఉంది బావూ. అంటే ఇంటిపేరేనా?" అంది పిన్ని.

"ఇంటిపేరే."

"పాస్‌పోర్టులో ఏటీ లేదే?"

"వాళ్ళకి ఉండదు పిన్నీ."

అక్కడ ఇంకొక మాట చెప్పాలి, పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే పెట్టమని. కానీ తిమింగిలం నోరు తెరిచి ఉంది, మా తాత దాని నాలుక మీద ఉన్నాడు. ఆయన్ని అలా వదిలేసి ఫారం వైపు తిరగడం పెద్దలపట్ల మర్యాద కాదు. తాత బయటికి వచ్చేసరికి పిన్ని ఫారం పంపేసి చెమట తుడుచుకుంటోంది. మర్నాడు గోల్ ఘర్‌లో నెట్ షాపులో మూడు కాపీలు తీయించాను. పిల్లని చేర్చిన బడిలో ఒకటి ఇచ్చాను. మిగతావి ఫైల్లో పెట్టాను. వేడి కాగితం చేతిలో ఉండగా ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, దానివైపు చూడలేదు.

ఆ తరవాత పది రోజులు పండగ. పిల్ల బడికి పోతోంది. పిన్నిని "అమ్మమ్మా" అంటోంది. వారంలో అన్నం, నీళ్ళు, చేప, దా, పో, తప్పుకోమనే ఛల్ హట్ వచ్చేశాయి. ఒక రోజు బస్సులో కండక్టరు పేరడిగితే, తన పేరు చెబుతూ, దానికి ముందు పిన్ని వాళ్ళ ఇంటిపేరు తగిలించింది. ఆ ఇంటిపేరు ఇక్కడ రాయను. ఒక కూరగాయ పేరని మాత్రం చెబుతాను. కండక్టరు నవ్వాడు. నేనూ నవ్వాను, పిన్ని ముద్దుకి నేర్పిందనుకుని. అప్పుడైనా నా బుర్ర వెలగలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం, మర్నాడు ఆఫీసుకి తీసుకెళ్ళాల్సిన కాగితాలు సర్దడానికి వెళ్ళాను. పిల్ల తల్లి మేడమెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఫైలు. ఆ కాపీ తీసి నాకు చూపించి, తన పేరు పక్కనున్న మాట మీద వేలు పెట్టింది.

"హూ?" అంది, ఇదెవరు అని ఇంగ్లీషులో.

చూశాను. ఆమె పేరు పక్కన ఆ కూరగాయ. పిల్ల పేరు పక్కన ఆ కూరగాయ. పాస్‌పోర్టులో లేనిది, వీసాలో లేనిది, కంపెనీ ఉత్తరంలో లేనిది. అంతకు ముందు గోల్ ఘర్ గది చిరునామాతో నమోదైన భర్త కాగితంలోనూ లేనిది. అప్పుడే పని నుంచి వచ్చిన అతను వెనకనుంచి వంగి చదివాడు. ఆమె తమ భాషలో ఒక్క మాట అంది. నేను రెండుసార్లు అడిగితే అతను తర్జుమా చేశాడు.

"మళ్ళీనా, అంటోంది."

నేను పిన్ని దగ్గరికి పరుగెత్తాను. పిన్ని ఏమాత్రం తొణకలేదు. "ఇంటిపేరు అన్నావా లేదా? ఇల్లెవలిది? నాది. ఉంటున్నదెవలు? వాళ్ళు. మరి నా ఇంటిపేరు కాక ఎదురింటోడిది రాయాలా?" అంది. అది ఇంటి పేరు కాదు, మనిషి పేరని నేనంటే, మరి దాన్ని ఇంటిపేరని ఎందుకంటారని అడిగింది. దానికి జవాబు నేను ఈనాటికీ వెతుకుతున్నాను. విషయం పూర్తిగా చెప్పాక, ఆ తల్లీబిడ్డల్ని తిప్పి పంపేస్తారేమోనని తెలిశాక, కూర్చుండిపోయింది. "ఇంటిపేరు లేదుగదా పాపం, మనమే పెట్టాలి అనుకున్నాను బావూ," అంది మెల్లగా.

యజమానికి ఫోన్ చేశాను. ఏమీ అల్లకుండా జరిగింది జరిగినట్టు చెప్పమన్నాడు. అది నాకు అలవాటు లేని పని. మర్నాడు బస్సులో వెళ్తూ మూడు కథలు సిద్ధం చేసుకున్నాను. మూడూ మంచివే, ఒకదాంట్లో పిడుగు కూడా ఉంది. ఎదురు సీట్లో ఆమె కూర్చుంది, పిల్ల భుజం పట్టుకుని. అతను నా పక్కన, పిన్ని ముందు సీట్లో. కిందటిసారి ఏజెంటు ఒకడు కౌంటరు దగ్గర ఏదో కథ అల్లి సర్దబోయాడనీ, ఆ కథ వల్లే వాళ్ళకి అనుమానం ఎక్కువైందనీ, కిటికీ బయటికి చూస్తూ చెప్పాడు. పిడుగుని అక్కడే బస్సులో వదిలేశాను.

ఆఫీసరు మెయిన్‌ల్యాండ్ మనిషి, హిందీ ఆయన. కాగితాలు పక్కపక్కనే పేర్చి చూశాడు. భర్తకి ఇంటిపేరు లేదు, భార్యకీ కూతురికీ ఉంది, అది ఇంటి యజమానిది. ఏం సంబంధం అని అడిగాడు. నేను మొదలుపెట్టాను. పిన్ని అడిగినదీ, నేను చెప్పినదీ, తిమింగిలం నోరు తెరిచి ఉండడమూ, అన్నీ. చుక్క పెంచలేదు, చుక్క తగ్గించలేదు. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"కహానీ అచ్ఛీ హై. అబ్ సచ్ బతాయియే," అన్నాడు.

కథ బాగుంది, ఇక నిజం చెప్పమంటున్నాడు. నా జన్మలో మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పాను. నా జన్మలో మొదటిసారి నన్నెవరూ నమ్మలేదు. ఆమెకి హిందీ రాదు, కానీ ఆయన మొహం చదవగలదు. పిల్ల భుజం మీది చెయ్యి బిగిసింది.

అప్పుడు పిన్ని లేచింది. పట్టుచీర కట్టుకుని, ఇంటిపన్ను కాగితాలతో సహా వచ్చింది.

"సాబ్, ఘర్ కా నామ్ పూఛా, మైనే ఘర్ కా నామ్ దియా. ఇస్‌మే గల్తీ క్యా హై?"

ఇంటి పేరు అడిగితే ఇంటి పేరిచ్చాను, తప్పేముందని. ఇంటి పేరు ఎవరడిగారమ్మా అన్నాడాయన. ఫారం అడిగిందంది పిన్ని. ఫారం అడిగింది సర్‌నేమ్ అన్నాడాయన. "వహీ తో," అంది పిన్ని, అదేగా అన్నట్టు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన పక్కగదిలోంచి ఒక ఉద్యోగిని పిలిచాడు, మనవాడే, దీవుల్లో పుట్టిన తెలుగువాడు. మాతో ఏమీ మాట్లాడనివ్వకుండా, మీ భాషలో సర్‌నేమ్‌ని ఏమంటారని హిందీలో అడిగాడు.

"ఇంటిపేరు, సర్."

"మత్‌లబ్?" అంటే ఏమిటని.

ఆ ఉద్యోగి నోరు తెరిచి ఆగిపోయాడు. ఇన్నేళ్ళలో ఆ మాటని విడదీసి చూసుకున్నట్టు లేడు. "ఘర్ కా... నామ్, సర్," అన్నాడు.

ఆఫీసరు ఒక క్షణం కదల్లేదు. తరవాత భుజాలు కదిలాయి, తరవాత కుర్చీ కదిలింది, తరవాత బల్ల మీది ముద్రలన్నీ గలగలలాడాయి. ఇందులో ముద్రల మాట కొంచెం ఎక్కువ చెప్పానేమో గానీ, ఆయన కళ్ళు తుడుచుకున్నది నిజం. ఈలోగా పిన్ని ఆ ఉద్యోగిని పట్టుకుంది. మీ ఇంటిపేరేటి బావూ, ఏ ఊరు, మీ నాయనమ్మ ఎవలి ఆడపడుచు అని. ముందు వీళ్ళ పని కానివ్వండి మాతాజీ అని ఆఫీసరు బతిమాలుకోవాల్సి వచ్చింది.

ఆయన అద్దాలు పెట్టుకుని, ఆమె వైపు తిరిగి, మీ పేరు మీరే చెప్పండని ఇంగ్లీషులో మెల్లగా అడిగాడు. ఆమె నిలబడింది. చెప్పింది. ఒకటే ముక్క.

"ఇత్నా హీ?"

ఆమె భర్త వైపు చూసింది. అతను ఏమీ చెప్పకముందే, "ఇత్నా హీ," అంది. అంతే అని. అది ఆమె నోట నేను విన్న మొదటి హిందీ.

పిన్ని అక్కడే కూర్చుని ఫారం మళ్ళీ నింపింది. నేను ఒక్కొక్క అక్షరమే చదివాను. పిల్ల నా మోకాలు తట్టి, తాతయ్య లాంతరు ఆరిపోయిందా అని ఏదో అడగబోతే, నా నోటి మీద నేనే చెయ్యి పెట్టుకున్నాను. భోజనాల వేళ దాటాక కాగితాలు చేతికొచ్చాయి. ఆమె వాటిని వరండాలో వెలుగులోకి తీసుకెళ్ళి, తన పేరు కింద వేలు పెట్టి చదువుకుంది, కూతురి పేరు కింద వేలు పెట్టి చదువుకుంది. మళ్ళీ మొదటినుంచి చదువుకుంది. చదవడం అయ్యాక, ఎయిర్‌పోర్టులో నాకివ్వని ఆ ఫైలుని నా చేతిలో పెట్టి, పిల్లని ఎత్తి గిరగిరా తిప్పింది. ఎనిమిదేళ్ళ పిల్ల, బరువే. అయినా తిప్పింది.

ఏడుపు మొహం పెట్టింది పిల్లే. బడిలో అందరికీ చెప్పేసిందట, ఆ పేరు తీసేస్తే ఎలా అని. పిన్ని దాని గడ్డం పట్టుకుంది.

"కాయితంలోంచి తీసీసినారే గానీ కంచంలోంచి తీసీలేదు. బస్సోడికి నువ్వు ఎలా చెప్తున్నావో అలాగే చెప్పు."

ఇది తర్జుమా అయ్యాక తల్లి ఏదో అడిగింది. మీ ఆడవాళ్ళకి ఈ ఇంటిపేరు ఎలా వస్తుందని. పెళ్ళయిన రోజే మొగుడిది వచ్చేస్తుందని పిన్ని చెప్పింది. ఆమె భర్తని ఎగాదిగా చూసి, ఇతన్ని చేసుకుంటే ఏమీ రాలేదు, ఇల్లు అద్దెకి తీసుకుంటే వచ్చింది అందట. అతను ఇది నాకు చెప్పేటప్పుడు సిగ్గుపడ్డాడు.

గోల్ ఘర్‌లో బస్సు కోసం నడుస్తుంటే ఆమె ఒక సామాన్ల దుకాణం ముందు ఆగిపోయింది. బకెట్లూ, చీపుర్లూ, వాటి వెనక మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడలో వచ్చిన రాతి సామాను. నల్ల సన్నికల్లు ఒకటి చూపించి, దించమని సైగ చేసింది. అరచేత్తో నిమిరింది. పొత్రం పట్టుకుని నిలబడే నాలుగుసార్లు నూరి చూసింది. బాగుంది అన్నట్టు తలూపింది. భర్త ఏదో అన్నాడు, ఆమె అతని వైపు తిరక్కుండానే జవాబిచ్చింది. అతను రోడ్డు మీదే పగలబడి నవ్వాడు. ఏమిటని అడిగాను.

"ఇంత బరువు తిరిగి వెళ్ళేటప్పుడు ఎలా తీసుకెళ్తాం అన్నాను. ఎవరు వెళ్తున్నారు, అంటోంది."

ఆ రాయి మోసే భాగ్యం నాకు దక్కింది. తప్పు నాది గనక ఎవరూ వాదించలేదు. దాని బరువు ఒక దూడంత ఉంటుంది. బస్సు ఒక పక్కకి ఒరిగింది. కండక్టరు దానికి టికెట్ అడిగితే, ఒళ్ళో ఉన్నవాళ్ళకి టికెట్ ఉండదని పిన్ని పోట్లాడింది. గరాచర్మ స్టాపు నుంచి ఇంటిదాకా, ఇంటి నుంచి మేడదాకా నేనే మోశాను. మెట్ల గోడకి తగిలితే సున్నం నువ్వే వేయించాలని పిన్ని కిందనుంచి అంటూనే ఉంది. వంటగదిలో తలుపు పక్కన దించాను. ఆమె తల అడ్డంగా ఊపి కిటికీ చూపించింది. కిటికీ కిందికి జరిపాను. ఆమె రెండడుగులు వెనక్కి వేసి, తల వంచి చూసి, ఇంకొక జానెడు ఇటు అని చేత్తో చూపించింది. జరిపాను. అప్పుడు కూర్చుని, కాళ్ళు రెండూ చాపుకుని, మిరపకాయలు తెమ్మని కూతుర్ని కేకేసింది.